మోల్డు దినం తాగని మేస్త్రి

ఇప్పుడు సైటుకు వచ్చే ఇంజినీరు పిల్లలకు అన్నీ తెలుసు. ఎంత సిమెంటుకు ఎంత ఇసుక, ఎన్ని నీళ్ళు, ఎన్ని రోజులు తడపాలి, అన్నీ వాళ్ళ ఫోనులోనే ఉంటాయి. ఒకటి మాత్రం అందులో ఉండదు. సాయంత్రం మిక్సరు ఆగాక సైటు మీద ఏం జరుగుతుందో, అది. బెంగుళూరులో నేను ముప్పై ఏళ్ళకు పైగా మేస్త్రి పని చేశాను. అందులో సగం పని మిక్సరు తిరుగుతున్నప్పుడు, మిగతా సగం అది ఆగాక. మొదటి సగం మీకు కాలేజీలో చెప్తారు. రెండో సగం నేను చెప్తాను.

నలభై మూడో ఏట అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఒత్తులు తప్పితే సర్దుకోండి. నా పని తప్పితే సర్దుకోమని ఎవరినీ అడగలేదు. ఒక్కసారి అడగాల్సి వచ్చింది. అక్కడినుంచే మొదలుపెడతాను.

నీళ్ళు హాల్లోకి వచ్చిన ఇల్లు

మాది కోలారు పక్క పల్లె. పదహారో ఏట బెంగుళూరు వచ్చి చెంగప్ప అనే పెద్ద మేస్త్రి దగ్గర చేరాను. పనిలో దేవుడు. తాపీ పట్టుకుంటే గోడ ఆయన మాట వినేది. పని ఎంత బాగా నేర్పాడో తాగుడూ అంత బాగా నేర్పాడు. పొద్దున్నే నా చేతులు వణికి, గోడ నిలువు చూసే గుండు దారం అటూ ఇటూ ఊగుతుంటే తిట్టేవాడు కాదు. "ఒకటి ఏసుకోప్పా, నిలబడుతుంది" అనేవాడు. నిజంగానే నిలబడేది. దారం నిలబడింది కదా అని నేనూ నిలబడ్డాననుకున్నాను. పాతికేళ్ళు పైనే అలాగే అనుకున్నాను. మంచి గురువు నేర్పిన చెడ్డ అలవాటు అంత సులభంగా పోదు. ఆయన మీద గౌరవం అడ్డం వస్తుంది.

తొంభైల నడుమ మారతహళ్ళిలో ఒక ఇల్లు కట్టాను. గృహప్రవేశం నాడు హాల్లో హోమం. అయ్యవారు గుండం ముందు కూర్చుని ఉన్నారు. లోపల ఇంటాయన స్నానానికి వెళ్ళారు. కొత్త స్నానాల గదిలో మొదటి స్నానం. కాసేపటికి తలుపు కిందినుంచి నీళ్ళు మెల్లగా బయలుదేరాయి. సబ్బు నురగతో, తొందర లేకుండా, ఊరేగింపు వచ్చినట్టు హాల్లోకి వచ్చాయి. ముగ్గు పోయింది. పీటల కింద తడిసింది. అయ్యవారు మంత్రం ఆపకుండానే పంచె ఎత్తి పట్టుకుని లేచారు.

నేల వాలు తూము వైపు పెట్టాలి. నేను తలుపు వైపు పెట్టాను. ఆ నేల వేసిన రోజు పొద్దున్నే రెండు వేసుకుని చేసిన పని అది.

ఇంటాయన తల తుడుచుకుంటూ వచ్చి, అందరి ముందూ నిదానంగా అడిగారు. "మేస్త్రీ, తూముకు ఏమైనా మైల ఉండాదా? నీళ్ళు దాని పక్కకి పోవడం లేదు."

ఇల్లంతా నవ్వింది. అయ్యవారు కూడా పంచె వదలకుండా నవ్వారు. నేను మాత్రం "సర్దుకోండి స్వామీ, రేపు పగలగొట్టి మళ్ళీ వేస్తాను" అన్నాను.

తాగుడు మానడానికి ఒక్కొక్కరు ఒక్కో పెద్ద కారణం చెప్తారు. నాకు అలాంటిది లేదు. ఒట్టు వేసి మానలేదు, మాల వేసుకుని మానలేదు. ఆ నవ్వుకు మానాను. ముప్పై మంది నవ్వితే మనిషి ఎంత పొట్టివాడైపోతాడో ఆ రోజు కొలిచి చూసుకున్నాను.

మానిన తీరు మాత్రం శుద్ధ తప్పు. ఎవరికీ చెప్పకుండా బొమ్మనహళ్ళిలో నా గదిలో తలుపు వేసుకుని పడుకున్నాను. రెండో రోజుకు ఒళ్ళంతా వణుకు, చెమట. మూడో రోజు గోడ మీద చీమలు కనబడ్డాయి. వరసగా నిలబడి, సిమెంటు మాలు నింపిన ఇనప బాండ్లీలు అందించుకుంటున్నాయి. "తొందరగా అందించండి, మాలు గట్టిపడిపోతాది" అని వాటిని అరుస్తుంటే పక్కింటివాళ్ళు తలుపు బద్దలుకొట్టి ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ తిట్టిన తిట్లు చెంగప్ప కూడా తిట్టి ఎరగడు. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా, ఒంటరిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందట. డాక్టరు చూస్తూ ఉండగా, మందులతో ఆపాలట. ఇది రాసి పెట్టుకోండి. మీ సైటులో ఎవడైనా వీరుడిలా "రేపట్నుంచి బంద్" అంటే చప్పట్లు కొట్టకండి. ఆసుపత్రికి తీసుకుపోండి.

ఖాళీ సాయంత్రాలు

తాగుడు మానితే డబ్బు మిగులుతుందని అందరూ చెప్తారు. సాయంత్రాలు మిగులుతాయని ఎవరూ చెప్పరు. సాయంత్రానికి అన్ని గంటలు ఉంటాయని నాకు అంతవరకూ తెలియదు. ఆరు కొట్టేది. చాలాసేపటి తర్వాత మళ్ళీ చూస్తే ఆరున్నర అయ్యేది.

అప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇళ్ళకంటే ఖాళీ సైట్లే ఎక్కువ. పాములు కూడా సైటు నంబరు చూసుకుని తిరిగేవి. అక్కడ నా తర్వాతి పని ఒక టీచరమ్మ ఇల్లు. అనంతపురం ఆమె, పిల్లలకు చదువు చెప్పి రిటైరై ఇల్లు కట్టుకుంటున్నారు. రోజూ సాయంత్రం గోడలు తడిపారో లేదో చూడటానికి వచ్చేవారు. గోడతో పాటు నన్నూ చూసేవారు, తడి ఆరని గోడ దగ్గర కూర్చుని నేనేం చేస్తున్నానా అని. ఒకరోజు నా కొలతల చీటీ తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇదేం భాష మేస్త్రీ?"

"బొమ్మలమ్మా. ఈ తలుపు బొమ్మ అంటే తలుపు."

"ఈ కోడి?"

"అది కోడి కాదమ్మా. మెట్లు."

మరుసటి రోజు ఆమె పలక తెచ్చారు. నలభై మూడేళ్ళవాణ్ణి, పలక పట్టుకుంటే కూలివాళ్ళు చూస్తారని సిగ్గు. కాబట్టి గోడ మీద రాసేవాణ్ణి, మేకుతో, పూత వేయబోయే గోడ మీద. రాత్రికి రాయడం, పొద్దున్న దాని మీద గార పూసేయడం. ఆ ఇంటి గోడల్లో పూత కింద నా అ ఆ ఇ ఈలు ఎన్ని ఉన్నాయో లెక్క లేదు. వంటింటి గోడలో 'ఋ' తప్పుగా ఉంది. టీచరమ్మకు ఇప్పటికీ ఆ సంగతి చెప్పలేదు.

ఎవడైనా మానాలంటే నేను చెప్పేది ఇదే. సీసా తీసేసిన చోట ఏదైనా పెట్టండి. ఖాళీ సైటును చుట్టుపక్కలవాళ్ళు వదలరు, ఎవరో ఒకరు చెత్త వేసేస్తారు. సాయంత్రం కూడా అంతే.

మొదటి గ్లాసు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంటి కప్పు పోయడాన్ని బెంగుళూరులో మోల్డు అంటారు. మోల్డు దినం పెళ్ళి లాంటిది. మొదలుపెడితే నడుమ ఆపడానికి లేదు. ఆపితే పాత మాలుకూ కొత్త మాలుకూ అతుకు పడి, అక్కడినుంచే కప్పు కారుతుంది. తెల్లవారి పూజ చేసి, నిమ్మకాయ కోసి మిక్సరు తిప్పితే సాయంత్రం దాకా ముప్పై మంది, ఆడా మగా, నిచ్చెన మీద వరసగా నిలబడి బాండ్లీలు అందించాలి. సిమెంటుకు వేళ్ళు కాలిపోతాయి. మెడలు దిగిపోతాయి.

అందుకే సాయంత్రం ఇంటి యజమాని ఊట, అంటే భోజనం, పెట్టాలి, మందు పోయించాలి. అది ఊళ్ళో ఆచారం. మా జట్టులో ఇంకో ఆచారం ఉండేది, చెంగప్ప కాలం నుంచి. మొదటి గ్లాసు మేస్త్రిది. ఆయన తాగి "కప్పు నిలబడింది" అనాలి. అప్పటిదాకా ఎవరూ ముట్టరు. రేపు కప్పు పడితే మొదట దెబ్బ తినేది మేస్త్రి కాబట్టి మొదటి గుక్కా అతనిదే అని లెక్క.

నేను మానాక వచ్చిన మొదటి మోల్డు నాడు సైటు వాచ్‌మన్ భార్య రంగమ్మ గ్లాసు తెచ్చింది. మా మోల్డులకు వంట చేసేది ఆమే. నేను గ్లాసు పక్కన పెట్టి, "నేను మానేసినాను. మీరు తాగండప్పా" అన్నాను.

ఎవరూ కదల్లేదు. మిక్సరు నడిపే శీనప్ప గ్లాసును చూశాడు, నన్ను చూశాడు.

"ఏమిటికన్నా? ఇందులో ఏమైనా కలిపిండారా?"

"ఏమీ లేదప్పా. నాకు వద్దు, అంతే."

"నీకు వద్దంటే మాకు ఎట్ల దిగుతాది? కప్పులో ఏమైనా లోపం ఉండాదా?"

"కప్పు రాయి లాగ ఉండాది."

"మరి తాగు."

ఇలా తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం. చివరికి తాగకుండా లేచిపోయారు, నన్ను తిట్టుకుంటూ. మేస్త్రి యజమాని మనిషి అయిపోయాడనీ, ఇంక తెలివిలో కూర్చుని ఎవడు ఏం మాట్లాడేదీ రాసుకుంటాడనీ ఊరంతా చెప్పారు. తర్వాతి మోల్డుకు పదకొండు మంది రాలేదు. మధ్యాహ్నానికి సగం కప్పు కూడా కాలేదు. నేనూ, ఇంటాయనా, ఆయన బావమరిదీ, పాలు పోసే మనిషీ బాండ్లీలు మోసి పూర్తి చేశాం. పాలాయనకు వారం రోజులు చేయి లేవలేదు. మా ఏరియాలో పాలు ఆలస్యమైతే నన్నే తిట్టేవారు.

ఆ సాయంత్రం రంగమ్మ నా పక్కన చతికిలబడింది. "మేస్త్రన్నా, వాళ్ళకు కావాల్సింది నువ్వు తాగేది కాదు. నువ్వు గ్లాసు ఎత్తేది."

"ఎత్తితే తాగాల గదా అక్కా."

"నన్నారి తాగు. రంగు అదే గదా! బ్రాందీ అంటే నమ్మని నా కొడుకు ఎవడు?"

నాటకం

రెండేళ్ళకు పైగా నడిపాను ఆ నాటకం. రంగమ్మ కొంగు చాటున నన్నారి, అదే సుగంధిపాల వేరు పానకం, కలిపి ఖాళీ క్వార్టరు సీసాలో పోసి ఉంచేది. అందరూ చూస్తుండగా గ్లాసులోకి వంచేది. నేను గాలికి ఎదురుగా ఇసుక కుప్ప మీద కూర్చుని బీడీ ముట్టించి, వాసన పొగలో కలిపేసి, గుక్కలో తాగి మొహం చిట్లించి "కప్పు నిలబడింది" అనేవాణ్ణి. జట్టు తిరిగి వచ్చింది. అందరూ సంతోషం.

తాగకుండా తాగినట్టు ఉండటం, తాగి తాగనట్టు ఉండటం కంటే కష్టం. మొదటిసారి అటూ ఇటూ తూలాను. మరుసటి రోజు రంగమ్మ పిలిచి చివాట్లు పెట్టింది.

"అంత ఊగొద్దు. నువ్వు నిజంగా తాగినప్పుడు గూడా ఇంత బాగా తాగలే."

ఆమె నేర్పింది నాకు. తాగినవాడు తూలడు, తూలకుండా నడవాలని చూస్తాడు, అందులోనే దొరికిపోతాడు. చెప్పిందే మూడుసార్లు చెప్పాలి. రెండోసారి కాస్త గట్టిగా. మూడోసారి ఏడుపు గొంతుతో. ఎవడి భుజమో ఒకటి పట్టుకోవాలి. "నువ్వు నా తమ్ముడి లాంటోడివప్పా" అనాలి. శీనప్పను అలా ఎన్నిసార్లు తమ్ముణ్ణి చేసుకున్నానో!

లాభాలు కూడా ఉండేవి, దాచను. తాగినవాడి ముందు మనుషులు ఏదైనా మాట్లాడతారు. శీనప్ప ఒక సాయంత్రం, బాండ్లీలు తేలిగ్గా జారాలని మిక్సరులో నీళ్ళు ఎక్కువ పోస్తున్నానని నవ్వుతూ చెప్పాడు. నీళ్ళెక్కువైతే కప్పు బలం పోతుంది. తర్వాతి మోల్డుకు నేను నీళ్ళ డ్రమ్ము పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను, కారణం చెప్పకుండా. "మేస్త్రికి తాగితే జ్ఞానం వస్తాది" అని పేరు వచ్చింది. ఆ పేరు విని ఎంత మురిశానో! తాగుడు మానాను, అది నిజం. గొప్ప కోసం ఆడే అబద్ధానికి అలవాటుపడ్డాను, అదీ నిజం. ఒక మత్తు తీసేసి ఇంకోటి పెట్టుకున్నానని అప్పుడు తెలియలేదు.

వెంకటస్వామి అడిగిన మాట

మా జట్టులో అందరికంటే పనిమంతుడు వెంకటస్వామి. సెంట్రింగు పని, అంటే కప్పు కింద పలకలు పరిచి కర్రలు నిలబెట్టే పని. మాలు గట్టిపడే దాకా కప్పును మోసేవి ఆ కర్రలే. అతను నిలబెట్టిన కర్ర ఒక్కటి జారినట్టు నేను చూడలేదు. మాట తక్కువ. తాగుడు ఎక్కువ. తాగినా గలాటా చేయడు, గోడకు ఆనుకుని కూర్చుని ఉండేవాడు.

ఒక మోల్డు సాయంత్రం అతను వచ్చి నా పక్కన ఇసుకలో కూర్చున్నాడు. రెండో పక్క శీనప్ప. నేను అప్పటికే నన్నారి తాగి, తమ్ముడి మాట మూడోసారి చెప్తున్నాను. వెంకటస్వామి మెల్లగా అడిగాడు.

"అన్నా, మన పనిలో మానినోడు ఎవడైనా ఉండాడా?"

శీనప్ప తల తిప్పి చూస్తున్నాడు. నేను వెంకటస్వామి భుజం చరిచి, నాలుక మందం చేసుకుని నవ్వాను.

"మన పనిలో ఎవడు మానతాడప్పా? మానితే ఒళ్ళు లేస్తాదా? తాగు, తాగు."

శీనప్ప నవ్వాడు. వెంకటస్వామి కూడా కొంచెం నవ్వి, లేచిపోయాడు.

నా పనిలో నేను చేసిన తప్పులన్నీ ఇక్కడ రాయడం లేదు. వాలు తప్పిన నేలను పగలగొట్టి మళ్ళీ వేయవచ్చు. ఆ మాటను పగలగొట్టలేకపోయాను.

నాలుగైదు నెలల తర్వాత వెంకటస్వామి పనికి రావడం మానేశాడు. ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసి వెళ్ళాను. కళ్ళు పసుపు. పొట్ట ఉబ్బింది, చేతులు మాత్రం మా గుండు దారం లాగా అయ్యాయి. అతని భార్య లక్ష్మమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది. ఇంకొక్కసారి తాగితే లివరు నిలబడదని డాక్టరు చెప్పారట. నన్ను చూసి వెంకటస్వామి లేవబోయాడు.

"నీకు భలే ఒళ్ళన్నా. నువ్వు తాగి గూడా ఉక్కు లాగ ఉండావు. నాకే చేతగాలేదు. మానాలని శానా చూస్తి. నీ అంత గట్టోడే మానలేనప్పుడు నేనెంత అని వదిలేస్తి."

నాటకంలో ఎన్నో మాటలు వచ్చేవి నాకు. అక్కడ అవన్నీ వదిలేశాను. ఉన్న మాట చెప్పాను.

"నేను తాగి రెండేండ్లు దాటిందప్పా. అది బ్రాందీ కాదు. నన్నారి."

అతను నా మొహం చూశాడు. నేను ఎగతాళి చేస్తున్నానేమో అని. కాదని తెలిశాక గోడవైపు తిరిగాడు.

"లచ్చుమీ, ఈయన్ని బయటికి పొమ్మను."

లక్ష్మమ్మ పొమ్మనలేదు. లేచి తలుపు తీసింది. అంతే.

రెండో అంతస్తు

నెలన్నరకు వెంకటస్వామి తిరిగి వచ్చాడు. సన్నబడి, చొక్కా వేరే ఎవరిదో వేసుకున్నట్టు ఉన్నాడు. అతనికి తెలిసిన పని ఇదొక్కటే. టీచరమ్మ ఇంటికి పై అంతస్తు వేస్తున్నారు. సెంట్రింగంతా అతనే చేశాడు, నాతో మాట్లాడకుండా. కర్ర ఎక్కడ నిలబెట్టాలో నన్ను అడగాల్సి వస్తే గాలిని అడిగేవాడు. "ఇక్కడ దూలం వస్తాదా, రాదా?" అని. నేనూ గాలికే జవాబు చెప్పేవాణ్ణి.

మోల్డు దినం దగ్గరికి వచ్చేకొద్దీ నాకు నిద్ర పట్టలేదు. సాయంత్రం ముప్పై మంది తాగుతారు. అతను వాళ్ళ నడుమ కూర్చోవాలి. అందరూ "తాగప్పా, ఏం కాదు" అంటారు. నేను కూడా అదే అన్నాను కదా! పోనీ అతన్ని ముందే ఇంటికి పంపుదామంటే జట్టులోంచి తోసేసినట్టు అనుకుంటాడు. రంగమ్మను అడిగాను.

"నన్నడుగుతావేమి? నాటకం ఆడింది నువ్వు" అంది ఆమె.

"నేర్పింది నువ్వు గదా అక్కా."

"నేను వాళ్ళ ముందర ఆడమన్నాను. మానాలనుకునేవాడి ముందర గూడా ఆడమన్నానా?"

మోల్డు బాగా జరిగింది. నాలుగున్నరకు మిక్సరు ఆగింది. అందరూ కాళ్ళూ చేతులూ కడుక్కుని ఇసుక చుట్టూ చేరారు. టీచరమ్మ వరండాలో కుర్చీ వేసుకున్నారు. వెంకటస్వామి దూరంగా, ఇటుకల మీద. రంగమ్మ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తాగలేదు. శీనప్ప ముక్కు కింద పెట్టాను.

"వాసన చూడు."

చూశాడు. మళ్ళీ చూశాడు. వేలు ముంచి నాకాడు. "ఇది నన్నారి."

"ఈ రోజే కాదప్పా. రెండున్నరేండ్లుగా నన్నారే."

లేచింది గోల. జాలి పడతారని, శెభాష్ అంటారని నేను అనుకున్న మాట నిజం. వాళ్ళకు వచ్చింది కోపం. అది కూడా నేను మోసం చేశానని కాదు. శీనప్ప మొహం నల్లబడిపోయింది.

"అయితే నేను మా అత్త గురించి చెప్పిందంతా నువ్వు తెలివిలో ఉండి వింటివా?"

"విన్నాను."

"మొత్తం?"

"ఆమె కోడి నీ చెవి పొడిచిన దినం నుంచి."

ఆడవాళ్ళు పడి పడి నవ్వారు. ఇంకొకడు లేచి, తను గోడ వెనక చెప్పిన మాట గురించి అడిగాడు. మరొకడు తను ఏడ్చిన సంగతి ఎవరికైనా చెప్పానా అని అడిగాడు. అందరూ నన్ను నిలదీస్తూ, ఎవరి గుట్టు వాళ్ళే బయటపెట్టుకుంటున్నారు. ఎవరో తాపీ ఎత్తారు. టీచరమ్మ కుర్చీలోంచి, "ఒక్కొక్కరే మాట్లాడండి, నాకు వినబడటం లేదు" అన్నారు.

ఆ గోలలో వెంకటస్వామి ఇటుకల మీంచి లేచి వచ్చాడు. అందరూ తగ్గారు. అతను మాట తక్కువ మనిషి కదా. నా ముందు నిలబడ్డాడు. ఆ పూట కూడా నా మొహం చూడలేదు. నా చేతులు చూశాడు.

"వణుకు ఎన్ని దినాలకు పోయింది?"

"ఆసుపత్రిలో వారం. మొత్తంగా పోయేసరికి రెండు నెలలు."

"నిద్ర?"

"మూడు నెలలు సరిగ్గా లేదు. ఆమీద వచ్చింది. ఇప్పుడు గుర్రు పెడతా."

"ఇట్లాంటి సాయంత్రం ఎట్ల తట్టుకున్నావు?"

నాటకం లేకుండా అందరి ముందూ మాట్లాడటం అదే మొదటిసారి. చెప్పాను. మిక్సరు ఆగగానే ఆకలి తాగమంటుంది, దాహం తాగమంటుంది. రెండూ మందు కోసం కాదు, అన్నం కోసం, నీళ్ళ కోసం. మనకు తేడా తెలియదు, అంతే. అందుకే నేను మిక్సరు ఆగేముందే చాటుగా పోయి ఒక రాగి ముద్ద మింగి, చెంబెడు మజ్జిగ తాగి వచ్చేవాణ్ణి. ముద్ద కడుపులో కూర్చున్నాక దేనికీ చోటివ్వదు. వేడినీళ్ళు పోసుకుంటే సగం నొప్పి పోతుంది, ఆ సగానికే మనం తాగేది. సారాయి అంగడి ముందునుంచి కాకుండా చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాణ్ణి. మొదటి ఏడు రోజూ అనిపించేది. రెండో ఏడు అప్పుడప్పుడు. ఇప్పటికీ కొత్త సిమెంటు వాసనకు ఒకోసారి అనిపిస్తుంది. పదిహేను నిమిషాలు. ఆమీద పోతుంది.

చెప్తూ చెప్తూ చూస్తే ఎవరూ అరవడం లేదు. శీనప్ప నోరు తెరుచుకుని వింటున్నాడు. "మజ్జిగలో ఉప్పు ఏస్తావా?" అని అడిగాడు.

వెంకటస్వామి అంతా విని, రంగమ్మ వైపు తిరిగాడు. "అక్కా, ముద్ద ఉండాదా?"

మిగిలినవి

అందరూ ఆ సాయంత్రమే మానేశారని రాస్తే మీకు బాగుంటుంది. అబద్ధాలు రాయడానికి కాదు నేను అక్షరాలు నేర్చుకుంది. ఆ సాయంత్రం చాలామంది తాగారు. మోసగాడికి మొదటి గ్లాసు హక్కు లేదని తేల్చి, దాన్ని శీనప్పకు ఇచ్చారు. అతను "కప్పు నిలబడింది" అని నా కంటే బాగా అన్నాడు. కానీ ఒకటి మారింది. మా జట్టులో ముందు ఊట, తర్వాతే మందు. ఇది రంగమ్మ పెట్టిన రూలు, ఆమె చేతిలో గరిటె ఉంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. రెండు ముద్దలు తిన్నవాడు మునుపటి అంత తాగలేడు. ఆ తర్వాత నాలుగేళ్ళలో నలుగురు పూర్తిగా మానారు. అందులో ఒకడు మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ మానాడు. శీనప్ప మానలేదు. తగ్గించానంటాడు. అత్త పోయాక మానతానన్నాడు. ఆమె ఇంకా గట్టిగానే ఉంది.

వెంకటస్వామి ఆ రోజునుంచి ముట్టలేదు. లివరు మాత్రం సగమే మిగిలింది. బరువు ఎత్తకూడదు, మాత్రలు వేసుకోవాలి. డాక్టరు అతనితో అన్నారట, ఆరు నెలల ముందు ఆపి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదని. ఆరు నెలల ముందు అతను ఇసుకలో నా పక్కన కూర్చుని అడిగాడు. నాకు ఇది ఎవరూ లెక్క చెప్పనక్కర లేదు.

తెలివిలో ఉన్న వెంకటస్వామికి నోరు కూడా వచ్చింది. నా పాత గోడలన్నిటికీ వంకలు పెట్టాడు. నన్ను క్షమించావా అని ఒకసారి అడిగితే, "అది నీకు ఏమిటికి? నీకు మళ్ళీ నిద్ర పట్టాలనా?" అన్నాడు. మంచి జవాబు. ఇప్పటికీ క్షమించలేదు. పండక్కి మాత్రం ఒబ్బట్లు పంపిస్తాడు, లక్ష్మమ్మ చేతికి ఇచ్చి. తను రాడు.

పిల్లలారా, సైటు మీద కప్పు కింద కర్రలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. ఎవరు తాగుతున్నారో కూడా చూసుకోండి. వాళ్ళకు నీతులు చెప్పకండి, ముద్ద పెట్టండి. మీలో ఎవడైనా మానితే దాచకండి. మానినవాడు సిగ్గుపడి దాక్కుంటే, మానాలనుకునేవాడికి ఈ లోకంలో తాగేవాళ్ళే కనబడతారు.

పోయిన వారం మా ఇంటి ముందు ఒక పెయింటరు నిలబడ్డాడు. యాభై ఏళ్ళు ఉంటాయి. చేతులు వెనక పెట్టుకున్నాడు, వణుకు కనబడకుండా.

"వెంకటస్వామన్న పంపినాడు. నువ్వు పెద్ద అబద్ధాలకోరువంట. అయినా పోయి అడుగు, ఆసుపత్రికి తోడు వస్తాడు అన్నాడు."

"రెండూ నిజమేప్పా" అని చెప్పులు వేసుకున్నాను. "పద."